రెండో డబ్బా స్విచ్చి గొడవ

కూర్చోవే, సరిగ్గా కూర్చుని విను. కాళ్ళు సోఫా మీద పెట్టుకున్నా ఫరవాలేదు గానీ చెవులు మాత్రం నా దగ్గర ఉంచు. నేను చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు. మీ తెలుగు క్లాసు టీచరుగారు "ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక జ్ఞాపకం రాసుకు రండి" అన్నారా? ఆవిడ ఏ మామిడితోట కథో వస్తుందని ఎదురు చూస్తూ ఉంటుంది. చూడనీ. మనం వీపీఎన్ గురించి రాద్దాం.

నవ్వకు. ఆ మాట పలకడం నాకొచ్చు, అదేంటో కూడా తెలుసు. మీ నాన్న పుణ్యమా అని తెలిసింది. ఎవరి పిల్లల పుట్టినరోజుకి వెళ్ళినా, కేకు కోసిన ఐదు నిమిషాలకి మీ నాన్న మొదలుపెడతాడు కదా, "మా అత్తయ్యగారు ఒక్క స్విచ్చి నొక్కి మా ఆఫీసునే ఆపేశారండీ" అని. అందరూ నావైపు తిరిగి నవ్వుతారు. నేను కూడా సమోసా నములుతూ నవ్వుతాను. పదిమందిలో అల్లుణ్ణి ఏమంటాం? కానీ ఆయన చెప్పేది సగమే. మిగతా సగం ఇవాళ నువ్వు రాయి.

ముందు మీ నాన్న ఉద్యోగం సంగతి. ఇల్లేమో ఇక్కడ ఇంగ్లండులో, ఈ క్రోయిడన్‌లో, ఆఫీసేమో రోజూ వెళ్ళి రాలేనంత దూరాన లీసెస్టర్‌లో. హాస్పిటళ్ళలో నర్సులకి రోటాలు, అంటే డ్యూటీ పట్టికలు, వేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీది. మీ అమ్మకి వరసగా మూడు ఆదివారాలు డ్యూటీ పడిందంటే అది అలాంటి సాఫ్ట్‌వేర్ చలవే. అందుకే మీ అమ్మ ఆ ఉద్యోగం గురించి ఎప్పుడూ గొప్పగా చెప్పదు. మీ నాన్న పైన చిన్న గదిలో కూర్చుని పనిచేస్తాడు. ఇంట్లోంచి ఆఫీసు కంప్యూటర్లలోకి మామూలు దారిన పోనివ్వరట. ఎవరూ తొంగి చూడకుండా ఒక సొరంగంలోంచి వెళ్ళాలి. ఆ సొరంగమే వీపీఎన్. అది కూలిందనుకో, మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్లో వచ్చిన నంబరు కొట్టి, కొత్త సొరంగం తవ్వుకోవాలి. ఈలోపు మీటింగులో ఉన్నవాళ్ళందరికీ మీ నాన్న మొహం నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయి కనబడుతుంది.

ఆ చలికాలంలో అది రోజూ కూలడం మొదలైంది. రోజూ పదకొండు గంటలకి వాళ్ళ టీం మీటింగు. సరిగ్గా అది మొదలయ్యే వేళకి ఒకసారి, ముప్పావుగంట పోయాక ఇంకోసారి. పైనుంచి "పోయింది!" అని ఒక కేక. కాసేపటికి "మళ్ళీ పోయింది!" అని ఇంకో కేక. నేను ఇక్కడ కింద వంటింట్లో ఉండి "అయ్యో బాబూ" అనేదాన్ని. ఆ "అయ్యో" నిజంగా మనసులోంచే వచ్చేది, అది కూడా రాయి.

వాళ్ళ మేనేజరు ఒకావిడ. గొంతు ఎత్తి మాట్లాడదు. రెండు వారాలు చూసి, "ఐయామ్ ఎ లిటిల్ కన్సర్న్డ్" అంది. నాకు మీ నాన్న చెప్పినప్పుడు, "కొంచెమే కదా బాబూ" అన్నాను. "అత్తయ్యా, ఈ దేశంలో కొంచెం అంటే కొంపలు మునిగినట్టు" అన్నాడు. గురువారం ఒక పెద్ద హాస్పిటలు వాళ్ళకి సాఫ్ట్‌వేర్ నడిపి చూపించాలి. ఆ గంటన్నరలో మీ నాన్న ఒక్కసారి మాయమైనా సరే, సోమవారం నుంచి వారానికి ఐదు రోజులూ లీసెస్టర్ ఆఫీసుకి వచ్చి కూర్చోవాలని చెప్పేసింది.

లీసెస్టర్ అంటే ఏముంది, మీ పిన్నివాళ్ళ ఊరేగా అంటావు. అదేనే అసలు బాధ! ఐదు రోజులు అక్కడ ఉండాలంటే మీ పిన్నివాళ్ళింట్లోనే ఉండాలి. అంటే మీ బాబాయ్ దగ్గర. మీ బాబాయ్ మంచివాడే. కాకపోతే కాస్త గొంతు పెద్దది. పొద్దున్నే లేచి స్నానం చేస్తూ నిన్నటి క్రికెట్ మొత్తం మళ్ళీ చెబుతాడు. పైగా ఆయన నెట్‌వర్క్ ఇంజినీరు. ఈ డబ్బాలూ సొరంగాలూ అన్నీ ఆయన పనే. మరి ఆయన్ని అడిగితే సరిపోదా? మీ అమ్మ అదే అంది. "మరిదిగారికి ఫోన్ చెయ్యొచ్చుగా?"

మీ నాన్న గోడవైపు తిరిగాడు.

ఎందుకంటే, వాళ్ళ గృహప్రవేశంలో పదిమంది ముందు మీ నాన్న, "నెట్‌వర్క్ పనికేముంది తమ్ముడూ, ఈ వైరు తీసి ఆ కన్నంలో పెట్టడమేగా" అన్నాడు. మీ బాబాయ్ అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడు కలిసినా, "అన్నయ్యా, మీ కన్నాలన్నీ బాగున్నాయా?" అని అడుగుతాడు. ఇక మీ నాన్న ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేస్తాడు?

అందుకని తనే కనిపెడతానని బయలుదేరాడు. ముందు మైక్రోవేవ్ మీద అనుమానం. పది నుంచి పన్నెండు దాకా దాన్ని ముట్టుకోవద్దన్నాడు. తర్వాత కుక్కరు విజిలు మీద. "విజిలుకీ ఇంటర్నెట్టుకీ ఏంటి బాబూ?" అంటే, "ఏదీ కొట్టిపారెయ్యకూడదు అత్తయ్యా" అన్నాడు. నాలుగు రోజులు పప్పు గిన్నెలో ఉడికించాను. తర్వాత మన వీధి చివర వెళ్ళే ట్రాము మీద. ట్రాము వెళ్ళే టైమూ, సొరంగం కూలిన టైమూ పక్కపక్కన పుస్తకంలో రాసుకున్నాడు. ట్రాము ప్రతి పది నిమిషాలకీ వెళ్తుందే! దేనితోనైనా కలుస్తుంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే గంటసేపు పాటలు వినిపించి, "మా వైపు అంతా బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. చివరికి మీ అమ్మ మీద పడ్డాడు. నైట్ డ్యూటీ చేసొచ్చి అది జుట్టు ఆరబెట్టుకుంటుంటే, "ఆ డ్రయ్యరు..." అని మొదలుపెట్టాడు. మీ అమ్మ ఒక చూపు చూసింది. ఆ అనుమానం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇప్పుడు నా సంగతి. ఎక్కడికి చూస్తున్నావు, ఇది ముఖ్యం.

మనింట్లో ఇంటర్నెట్ డబ్బాలు రెండు. మెట్ల కింద ఉన్నది మొదటిది, అసలు లైను. దాన్నుంచి వైరు మీ నాన్న లాప్‌టాప్‌కి వెళ్తుంది. అప్పట్లో మన వీధి పొడుగునా గుంటలు తవ్వుతున్నారు. ఎవడైనా లైను తెంపేస్తే ఎలాగని, సిమ్ కార్డు పెట్టే డబ్బా ఇంకొకటి కొని వంటింటి కిటికీలో పెట్టాడు మీ నాన్న. అది స్పేరు. దాని వైఫై కూడా లాప్‌టాప్‌కి కలిపి ఉంచాడు.

నాకు వంటింట్లో మొదటి డబ్బా వైఫై అందదు. ఈ రెండోది మాత్రం బంగారంలా అందుతుంది. రోజూ పదకొండింటికి మన ఊళ్ళో ఉన్న మా చెల్లెలితో నాకు అష్టాచెమ్మా ఉంటుంది. దానికి అక్కడ సాయంత్రం టీ వేళ. దాని ముందో గళ్ళ అట్ట, నా ముందో గళ్ళ అట్ట. అది గవ్వలు వేస్తే వీడియోలో చూసి దాని కాయ నేను ఇక్కడ జరుపుతాను, నేను వేస్తే నా కాయ అది అక్కడ జరుపుతుంది. నాలుగు గవ్వలూ ఫోను ముందే పడాలి. పక్కకి పోయి పడితే చెల్లదు. మోసం చేస్తుందే అది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆట మొదలయ్యే ముందు కిటికీలో డబ్బాకి స్విచ్చి వేసేదాన్ని. ఆట అయిపోగానే తీసేసేదాన్ని. వాడని వస్తువుకి కరెంటెందుకు? ఏ గదిలోంచి బయటికొచ్చినా నా చెయ్యి దానంతటదే స్విచ్చి దగ్గరికి వెళ్తుంది. మీ నాన్నకి ఈ సంగతి తెలియదు. నాకు ఆ డబ్బాకీ ఆ సొరంగానికీ సంబంధం ఉంటుందని తెలియదు. స్పేరుది కదా, అది ఎవర్ని ఏం చేస్తుంది?

బుధవారం మీ నాన్న పైన మర్నాటి దానికి రిహార్సల్ చేస్తున్నాడు. తలుపు తీసే ఉంది. నేను స్విచ్చి వేశాను. ఆ డబ్బాలో ఆకుపచ్చ లైటు రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. లైటు వచ్చింది. పైనుంచి "పోయింది!" అన్నాడు. నా చేతిలో గవ్వలు చేతిలోనే ఉండిపోయాయి. మా చెల్లెలు ఫోన్లోంచి, "వెయ్యవే, ఎంతసేపు కలుపుతావ్?" అంటోంది. ఉండమని చెప్పి స్విచ్చి తీశాను. "మళ్ళీ పోయింది!" అన్నాడు. ఫోనూ పోయింది, మా చెల్లెలూ పోయింది.

ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని. రెండుసార్లు జరిగితే రుజువైనట్టు కాదు. మూడోసారి వేశాను. లైటు వచ్చింది. ఈసారి పైనుంచి కేక కాదు, తల బల్లకేసి కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

చెప్పాలా వద్దా? ఒక్క నిమిషం ఆలోచించాను, అబద్ధం ఎందుకు. నోరు మూసుకుని స్విచ్చి ముట్టుకోకపోతే గురువారం గడిచిపోతుంది, నా పరువు దక్కుతుంది. కానీ పుస్తకంలో ట్రాము టైములు రాసుకుంటున్న మనిషిని చూస్తూ ఎలా ఊరుకుంటాం? రెండు పెసరట్లు వేసి, అల్లం పచ్చడి పక్కన పెట్టి, పైకి తీసుకెళ్ళాను. రెండోది సగం తినేదాకా ఆగి చెప్పాను.

"అత్తయ్యా... మీరా?" అన్నాడు. నోట్లో పెసరట్టు అలాగే ఉంది.

"నేనే బాబూ. కుక్కరు కాదు."

నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. లేచి వెళ్ళి ఆ డబ్బా పీకి బీరువాలో పెట్టేస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే బయట గుంట తవ్వే మిషను గుర్రుమంది. ఇద్దరం కిటికీలోంచి చూశాం. పసుపు కోట్లు వేసుకున్న ముగ్గురు మన ఇంటి ముందు గుంటలోకి తొంగి చూస్తున్నారు, ఒకడు ఏదో వైరు పట్టుకుని ఇదేమిటన్నట్టు ఊపుతున్నాడు. రేపు అసలు లైనే తెగితే? స్పేరుది బీరువాలో ఉంటే?

అప్పుడు నేనొక మాట అడిగాను. "స్పేరుది వస్తే రానివ్వండి. అది వచ్చినంత మాత్రాన అసలుది ఎందుకు పోతోంది? మా స్కూల్లో ఒకరికి బదులుగా వచ్చే టీచరు గేటు దాటగానే, క్లాసులో ఉన్న టీచరు చాక్‌పీసు పారేసి ఇంటికెళ్ళిపోతుందా?"

మీ నాన్న కిటికీ వదిలి నావైపు తిరిగాడు. "నిజమే అత్తయ్యా. ఎందుకు పోతోంది?" అన్నాడు. ఆయనకి తెలియదు. రోటాలు వేసే సాఫ్ట్‌వేర్ ఆయన పని, ఇది కాదు. తెలిసినవాడు లీసెస్టర్‌లో ఉన్నాడు.

"నేను చేస్తాను ఫోను," అన్నాను. "నా డబ్బా అని చెబుతాను. మీరు వెనకాల ఉండి కావలసింది నా చెవిలో చెప్పండి."

వీడియో కాల్ చేశాను. మీ నాన్న ఫోనుకి కనబడకుండా నా కుర్చీ వెనక గొంతుక్కూర్చున్నాడు. మీ బాబాయ్ ఎత్తీ ఎత్తగానే, "అత్తయ్యా! ఎలా ఉన్నారు? మోకాలు నొప్పి తగ్గిందా?" అన్నాడు. ఆ గొంతుకి ఫోను వణికింది.

"మోకాలు బాగానే ఉంది బాబూ. నా లాప్‌టాప్‌కి రెండు దారులు ఉన్నాయి. రెండో దారి తెరవగానే మొదటి దారి వదిలేసి దాంట్లోకి దూకుతోంది. సొరంగం కూలిపోతోంది."

మీ బాబాయ్ ఫోను దగ్గరికి వంగాడు. "మీకు లాప్‌టాప్ ఎప్పుడు కొన్నారు అత్తయ్యా?"

"పాతదేలే," అన్నాను.

"సరే. దారులు రెండున్నప్పుడు కంప్యూటరు వాటి పక్కన ఉన్న నంబర్లు చూసి దేంట్లో వెళ్ళాలో తేల్చుకుంటుంది. ఆ నంబర్లు చదవండి." ఎక్కడ నొక్కాలో చెప్పాడు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నొక్కింది. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మొదటి డబ్బాకి తొంభై. కిటికీలో డబ్బాకి పది.

మీ బాబాయ్ మూతి బిగించాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "ఈ నంబర్లు ఎవరు పెట్టారు అత్తయ్యా?"

వెనక నుంచి నా చెవిలో, "మెయిన్‌ది ముఖ్యం కదా అని తొంభై వేశాను, స్పేరుకి పది చాలనుకున్నాను" అని గుసగుస. నేను అదే చెప్పాను. చెబుతుండగానే నాకేదో తట్టింది. ముప్పై ఏళ్ళు ప్రోగ్రెస్ కార్డులు రాసిన చెయ్యి ఇది. "బాబూ, ఒక్కటి అడుగుతాను. ఆ నంబరు మార్కా, ర్యాంకా?"

నీకు తెలియదు, నువ్విక్కడ పుట్టావు. మన తెలుగువాళ్ళ పిల్లలకి పాలపళ్ళు రాకముందే ఈ రెండూ తెలుస్తాయి. మార్కు ఎంత పెరిగితే అంత గొప్ప. ర్యాంకు ఎంత తగ్గితే అంత గొప్ప. తొంభై మార్కులొచ్చినవాడికి పక్కింటివాళ్ళు మిఠాయి ఇస్తారు. తొంభయ్యో ర్యాంకు వచ్చినవాడు పక్కింటివాళ్ళకి కనబడకుండా సందులోంచి వెళ్తాడు.

"ర్యాంకే అత్తయ్యా!" అన్నాడు మీ బాబాయ్. "తక్కువ నంబరుదే ముందు. మీ స్పేరుది పదో ర్యాంకు, అసలుది తొంభయ్యో ర్యాంకు. అది స్విచ్చి వేసినప్పుడల్లా లాప్‌టాప్ పాపం మంచి ర్యాంకు చూసి అందులోకి దూకుతోంది. అది తీసేస్తే మళ్ళీ వెనక్కి దూకుతోంది. దూకినప్పుడల్లా వీపీఎన్ తెగుతుంది. రెండు నంబర్లూ తారుమారు చెయ్యండి, స్పేరుది ఎప్పుడూ వేసే ఉంచండి. అసలుది పోతే తప్ప దాని జోలికి వెళ్ళదు."

నా కుర్చీ వెనక చటుక్కుమని చప్పుడు. మీ నాన్న నుదురు కొట్టుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు మీ బాబాయ్, చాలా మర్యాదగా, "మీరు వెనకున్న అద్దంలో పూర్తిగా కనబడుతున్నారు. మోకాళ్ళు నొప్పి పుడతాయి, లేవండి."

మీ నాన్న మెల్లగా లేచాడు. జుట్టు సర్దుకున్నాడు. "ఊరికే, ఏదో కింద పడితే వెతుకుతున్నా తమ్ముడూ" అన్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. థాంక్స్."

చూశావా, అంతే. "మీ కన్నాలు" అని ఏదో అంటాడనే అనుకున్నాను. అనలేదు. "రేపు ఎన్నింటికి అన్నయ్యా? ఫోను పక్కన పెట్టుకుంటాను, ఏమైనా అయితే చెయ్యండి" అన్నాడంతే. నేను మంచివాడని ముందే చెప్పానుగా.

గురువారం పదిన్నరకి మొదలు. నంబర్లు మార్చేశాడు, రెండు డబ్బాలూ వెలుగుతున్నాయి. మీ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కింద మాత్రం పైజమాతో, నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు. "అత్తయ్యా, ఇవాళ మీరు ఆడుకోండి, పాడుకోండి, కుక్కరు కూడా పెట్టుకోండి. ఆ స్విచ్చి ఒక్కటీ ముట్టుకోకండి." సరేనన్నాను. పదకొండింటికి మా చెల్లెలు వచ్చింది. ఆడాం. ఆ రోజు దానికి వరసగా మూడుసార్లు చెమ్మా పడింది, నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు కాయలు చంపేసి, "ఏంటే, ఇంగ్లండు వెళ్ళి ఆట మర్చిపోయావా?" అని ఇకిలించింది. ఆట అయిపోయింది. కోపంగా గవ్వలు సంచిలో పోశాను, లేచాను, అట్ట మడిచాను, కిటికీ దగ్గరికెళ్ళి—

స్విచ్చి తీసేశాను.

ఏయ్, ఇది టైపు చెయ్యకు. చేసేశావా? సరే, తర్వాత తీసేద్దువుగాని. చెయ్యి తీసిందే, నేను తియ్యలేదు! ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. నాకు ప్రాణం పోయింది. మళ్ళీ వెయ్యాలా? వేస్తే ఇంకా ఏమవుతుందో? స్విచ్చి మీద వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డాను. లీసెస్టర్ కళ్ళముందు కనబడింది. సూట్‌కేసు సర్దుతున్న మీ నాన్న, సోమవారం పొద్దున్న రైలు, స్నానాల గదిలోంచి క్రికెట్టు, అన్నీ కనబడ్డాయి. "పోయింది" అనే కేక కోసం చెవులు రిక్కించి ఎదురు చూశాను.

పైనుంచి మీ నాన్న గొంతు ఇంగ్లీషులో సాఫీగా వినిపిస్తూనే ఉంది. నర్సులు సెలవు ఎలా అడగాలో చెబుతున్నాడు. ఎవరో ఏదో అడిగారు, జవాబు చెప్పాడు. అందరూ నవ్వారు. సొరంగం కదల్లేదు, ఒక్క రాయి రాలలేదు. అంటే ఏమిటన్నమాట? తప్పు నా స్విచ్చిది కాదు, ఆ ర్యాంకులది! స్విచ్చి వేసినా తీసినా ఏమీ కాదని రుజువు చేసింది నేనే. కాకపోతే ఎవరికీ చెప్పుకోలేని రుజువు.

పన్నెండింటికి మీ నాన్న మెట్లు దిగి వచ్చాడు. మేనేజరు "నాట్ బ్యాడ్ ఎట్ ఆల్" అందట. అంటే ఇక్కడ దండ వేసి ఊరేగించినట్టట. ఇంట్లోనే కూర్చుని పనిచేసుకోవచ్చు, లీసెస్టర్ రానక్కర్లేదని చెప్పిందట. మీ బాబాయ్‌కి తనే ఫోన్ చేసి చెప్పాడు, పావుగంట మాట్లాడుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, మీరు స్విచ్చి ముట్టుకోకపోబట్టే ఇదంతా" అని కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. అలాంటప్పుడు ఏం చెబుతాం? ఊఁ అన్నాను. అప్పటి నుంచీ పుట్టినరోజుల్లో ఆ కథ ఒకటి తయారైంది. కానీ నాకు మనసులో పీకుతూనే ఉంది. అందుకే మొన్న ఆదివారం మీ అమ్మ డ్యూటీకి వెళ్ళాక, ఇద్దరం కూరలు తరుగుతుండగా, మెల్లగా మీ నాన్నతో, బాబూ ఆ గురువారం రోజు నిజానికి నేను—

"అత్తయ్యా, అన్నం పెట్టేశాను, రండి! చారు చల్లారిపోతోంది!"

వస్తున్నా బాబూ! ఆయనే పిలుస్తున్నాడు, తెర ఆయనకి కనబడకుండా తిప్పవే. తిప్పావా? ఎక్కడున్నాం, ఆ, నేను ఆ మాట అనగానే మీ నాన్న కత్తి పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, "నాకు తెలుసు అత్తయ్యా, ఆ రోజు నేను కిందకి దిగగానే కిటికీలో—"

"అత్తయ్యా!"

వస్తున్నానంటే! పద పద, చేతులు కడుక్కో, మీ నాన్న ఏమన్నాడంటే కిటికీలో ఆ ఆకుపచ్చ లైటు ఆరిపోయి ఉండటం అప్పుడే చూశా—